పాత డీజిల్ కారు కొన్నారా? ఇంజన్ విప్పేదాకా తెచ్చుకోకండి

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ పాత కార్లు అమ్మే చోటికి వెళ్తే 2011 నుంచి 2016 మధ్య మోడల్ డీజిల్ బండ్లు వరసగా కనిపిస్తాయి. అందుకు కారణం ఉంది. 2010 జూన్‌లో కేంద్రం పెట్రోల్ ధర మీద నియంత్రణ ఎత్తేసి, డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబర్ దాకా ఉంచింది. ఆ నాలుగేళ్లలో రెండింటి ధరల మధ్య తేడా బాగా పెరిగి, నెలకు ఐదారు వందల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లు సైతం ఎక్కువ డబ్బు పెట్టి డీజిల్ మోడలే తీసుకున్నారు. ఇప్పుడు ఆ బండ్లే రెండో చేతికి, మూడో చేతికి మారుతున్నాయి. వాటిలో చాలావాటి బానెట్ కింద ఉండేది ఒకటే ఇంజన్, ఫియట్ వాళ్ల 1.3 మల్టీజెట్. మారుతి దాన్ని డీడీఐఎస్ అని, టాటా క్వాడ్రాజెట్ అని పిలిచాయి. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, ఎర్టిగా, సియాజ్, విటారా బ్రెజా, ఇండికా విస్టా, మాంజా, పుంటో, లీనియా డీజిల్ మోడళ్లలో ఎక్కువగా అదే. అందుకే దానికి నేషనల్ ఇంజన్ అనే పేరు కూడా వచ్చింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 అనే కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లు తయారుచేయడం మానేసింది గానీ, రోడ్డు మీదున్నవి ఇంకా చాలా ఏళ్లు తిరగగలవు, సరిగ్గా చూసుకుంటే.

డీజిల్ ఇంజన్ల గురించి జనంలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది మొండి ఇంజన్, ఎంత తోలినా ఏమీ కాదు. రెండోది, ఒక్కసారి రిపేరు వచ్చిందంటే బండి రేటంత ఖర్చు అవుతుంది. రెండూ నిజమే, కాకపోతే రెండూ వేర్వేరు భాగాల గురించి చెప్పే మాటలు. క్రాంక్, పిస్టన్లు, ఇనుప బ్లాక్ నిజంగానే మొండివి. స్పార్క్ ప్లగ్ లేకుండా, సిలిండర్లో గాలిని పదిహేడు రెట్ల దాకా నొక్కి, ఆ వేడికే డీజిల్ అంటుకునేలా చేయాలి కాబట్టి వాటిని బలంగానే తయారుచేస్తారు. ట్రావెల్స్ వాళ్ల దగ్గర మూడు లక్షల కిలోమీటర్లు దాటిన డిజైర్లు కనిపిస్తుంటాయంటే అందుకే. కానీ ఆ మొండి దిమ్మ చుట్టూ బిగించినవి చాలా సున్నితం. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొనలో ఉండే రంధ్రం మిల్లీమీటరులో పదో వంతు చుట్టూ ఉంటుంది, అందులోంచి డీజిల్ 1,600 బార్ దాకా ఒత్తిడితో దూసుకొస్తుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్ల పైచిలుకే అని గుర్తు చేసుకుంటే అదెంతో అర్థమవుతుంది. ఇంజన్లోకి గాలిని ఒత్తి పంపే టర్బోలోని షాఫ్ట్ నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతుంది, అదీ పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. పెద్ద బిల్లులు దాదాపుగా ఇలాంటి చోట్లే మొదలవుతాయి.

ఇవి విడివిడిగా చెడవు, ఒకటి చెడితే పక్కదాన్ని లాగుతుంది. ఒక ఇంజెక్టర్ కారడం మొదలైందనుకోండి. అవసరానికి మించి పడ్డ డీజిల్ సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, కాలకుండా మిగిలింది రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది, పల్చబడిన ఆ ఆయిల్ టర్బో షాఫ్టునీ బేరింగుల్నీ సరిగ్గా మోయలేదు, ఇంకోపక్క ఆ సిలిండర్లోంచి వచ్చే మసి ఈజీఆర్‌లో (కాలిన పొగను కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే దారిలో) పేరుకుంటుంది. ఆరు నెలల తర్వాత టర్బో పోయిందని మెకానిక్ చెబుతాడు, కొత్త టర్బో వేస్తారు, కారే ఇంజెక్టర్ అలాగే ఉంటుంది. మళ్లీ ఏడాదికి అదే కథ. అందుకే పాత డీజిల్ విషయంలో ఏది పోయిందన్న ప్రశ్నతో ఆగకూడదు, ఎందుకు పోయిందో తేలేదాకా డబ్బు పెట్టకూడదు.

కొనేముందు చేసే పరీక్షల్లో అన్నిటికన్నా విలువైనది పైసా ఖర్చు లేనిది: చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేయడం. పొద్దున్నే వెళ్లాలి, ముందుగా బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి. అమ్మేవాళ్లు మీరొచ్చేలోపే బండిని ఒకసారి తిప్పి పెట్టారంటే చల్లగా ఉన్నప్పుడు బయటపడే లోపం ఏదో ఉండి ఉండొచ్చు. మన వాతావరణంలో ఇంజన్ బాగుంటే ఒకటి రెండు సెకన్లలో అందుకోవాలి. ఎక్కువసేపు తిప్పాల్సి వస్తే డీజిల్ లైన్లోకి గాలి చొరబడుతోందో, ఇంజెక్టర్లు ఎక్కువ డీజిల్‌ను వెనక్కి పంపిస్తున్నాయో, కంప్రెషన్ తగ్గిందో తేల్చుకోవాలి. స్టార్ట్ అయ్యాక ఆయిల్ పోసే మూత తీసి చూస్తే కొద్దిగా గాలి తన్నడం మామూలే, మూత బోర్లా పెడితే ఎగిరిపడేంతగా పొగ కొడుతుంటే మాత్రం బ్యాక్ కంప్రెషన్ వస్తోందన్న మాట, అంటే సిలిండర్లోని గాలి రింగుల సందుల్లోంచి కిందికి దిగుతోంది, ఇంజన్ బోరుకు (సిలిండర్లు మళ్లీ చెక్కించే పనికి) దగ్గరపడింది. గట్టిగా రేస్ చేసినప్పుడు ఒక్క క్షణం కాస్త నల్ల పొగ రావడం పాత బండిలో పెద్ద విషయం కాదు. నీలి పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ తగ్గకపోతే అది కాలని డీజిలైనా అయ్యుండాలి, కూలెంట్ అయినా అయ్యుండాలి. మీటర్ మీద ఉన్న కిలోమీటర్లను మాత్రం నమ్మకండి, వెనక్కి తిప్పడం పెద్ద పనేం కాదు. బండి నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు తీయిస్తే ఏ తేదీకి ఎంత తిరిగిందో బయటపడుతుంది.

ఇంకో రెండు విషయాలు. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రిబ్యునల్ ఆంక్షలు పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. ఆ దెబ్బతో అక్కడి బండ్లు ఎన్‌వోసీలతో ఇతర రాష్ట్రాలకు తక్కువ రేటుకు వెళ్లడం మొదలైంది. అవన్నీ చెడ్డ బండ్లని కాదు, కానీ ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్క వేసుకున్నాకే అది చవకో కాదో తెలుస్తుంది. రెండోది వరద. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో బోలెడన్ని కార్లు నీళ్లలో మునిగాయి. నీళ్లు గాలితో పాటు సిలిండర్లోకి వెళ్తే ఏ ఇంజనైనా దెబ్బతింటుంది గానీ డీజిల్‌కు ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే పిస్టన్ పైకి వచ్చాక మిగిలే ఖాళీ చాలా చిన్నది, కొద్ది నీళ్లే ఆ ఖాళీని నింపేస్తాయి, నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో బండి నడుస్తూనే ఉండి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత బ్లాక్ పగలొచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద గీత కనిపించడం, సీటు పట్టాలకు తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు, డాష్‌బోర్డు లోపలి వైర్ల సాకెట్లలో పచ్చటి తుప్పు, ఇవి వరద బండి గుర్తులు. ఎంత తక్కువకు వచ్చినా అలాంటిది వద్దు.

కొన్నాక మొదటి వారం పది రోజుల్లో, పాత ఓనరు ఏం మార్చాడు ఏం మార్చలేదు అన్న లెక్క పెట్టుకోకుండా, ఇంజన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, కూలెంట్ అన్నీ కొత్తవి వేయించేయాలి. "మొన్ననే సర్వీస్ అయింది సార్" అన్న మాటకు బిల్లు చూపిస్తే తప్ప విలువ లేదు. ఇదంతా కలిపితే ఒక ఇంజెక్టర్ ఖరీదు కూడా కాదు చాలా బండ్లలో. పైగా ఆ రోజు నుంచి ఏది ఎప్పుడు మార్చారో మీకు కచ్చితంగా తెలుస్తుంది. ఒక చిన్న పుస్తకంలో తేదీ, కిలోమీటర్లు రాసుకోవడం మొదలుపెట్టండి.

ఇక ఆయిల్ సంగతి. డీజిల్ ఇంజన్లో ఆయిల్ పోసిన కొన్ని వందల కిలోమీటర్లకే నల్లబడుతుంది, అది చూసి కంగారు పడక్కర్లేదు, మసిని పట్టి ఉంచడం కూడా ఆయిల్ పనే. గడువు దాటాక ఆ మసిని ఇంక మోయలేక చిక్కబడి, సన్నటి దారుల్లో పేరుకోవడం దగ్గరే అసలు సమస్య మొదలవుతుంది. సర్వీస్ పుస్తకంలో సాధారణంగా 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది అని ఉంటుంది, ఏది ముందైతే అది. ఇందులో రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు. ఏడాదికి 4,000 కిలోమీటర్లే తిరిగాం కదా అని రెండేళ్లు అదే ఆయిల్‌తో నడిపేస్తారు. నిజానికి తక్కువ తిరిగే బండికే ఆయిల్ త్వరగా చెడుతుంది. రోజూ నాలుగైదు కిలోమీటర్ల ట్రాఫిక్‌లో ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపల చెమ్మ, కాలని డీజిల్ చేరుతూనే ఉంటాయి. పాత బండి, సిటీ వాడకం అయితే 7,000 కిలోమీటర్లకో ఎనిమిది నెలలకో మార్చేయడం మంచిదని ఈ వ్యాసం ఉద్దేశం. దీని మీద ఎక్కువయ్యే ఖర్చు ఏడాదికి వెయ్యి, రెండు వేలు.

మల్టీజెట్‌లో ఇది మరీ ముఖ్యం. ఆ ఇంజన్లో పట్టేది మూడు లీటర్ల పైచిలుకు ఆయిలే, కాబట్టి ఒక లీటరు తగ్గిందంటే మూడో వంతు పోయినట్టు. దాని టైమింగ్ చైన్‌ను, అంటే వాల్వులు వేళకు తెరుచుకునేలా చేసే గొలుసును, బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా, చెత్త పట్టినా చైన్ వదులవుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ముందు వైపు నుంచి గొలుసు గలగలలాడిన చప్పుడు రెండు మూడు సెకన్లు వినిపిస్తే అదే. చైన్ కదా జీవితాంతం ఉంటుందన్న మాట ఆయిల్ బాగున్నంతవరకే చెల్లుతుంది. పదిహేను రోజులకోసారి, చదునైన చోట, ఇంజన్ ఆపి పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) తీసి చూడండి. డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగేది లెవెల్ తగ్గినప్పుడు కాదు, ఒత్తిడి పడిపోయినప్పుడు; అప్పటికి బేరింగులు ఎండిపోవడం మొదలై ఉంటుంది. వెంటనే ఇంజన్ ఆపేయాలి, "ఇంటిదాకా వెళ్లిపోదాం" అనుకుంటే క్రాంక్ పోతుంది.

టర్బోకు ఆయిల్ అంటే ప్రాణం కాబట్టి నడిపే తీరులో రెండు అలవాట్లు చేసుకుంటే చాలు. స్టార్ట్ చేసిన వెంటనే రేస్ చేయకుండా మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా వెళ్లడం ఒకటి. హైవే మీద వేగంగా వచ్చి సూర్యాపేట దగ్గర టిఫిన్‌కు ఆగినప్పుడు, ఇంజన్‌ను టక్కున ఆపకుండా అర నిమిషం, నిమిషం అలా ఆన్‌లో ఉంచడం రెండోది. వందల డిగ్రీల వేడిలో ఉన్న టర్బోకు ఆయిల్ ప్రవాహం ఒక్కసారిగా ఆగిపోతే అక్కడ మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది, ఆ బొగ్గు తర్వాత ఆయిల్ దారిని మూసేస్తుంది. కొత్త టర్బో వేయించేటప్పుడు దానికి ఆయిల్ తెచ్చే సన్నటి పైపును కూడా మార్చాలని గట్టిగా అడగండి. పాత పైపులోని బొగ్గు కొత్త టర్బోను కొన్ని వారాల్లోనే చంపిన సందర్భాలు షెడ్డుల్లో మామూలు.

టర్బో సీలు పూర్తిగా పోతే జరిగే ఒక ప్రమాదం గురించి డీజిల్ కారున్న ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఆయిల్ టర్బోలోంచి నేరుగా ఇంజన్లోకి వెళ్లి డీజిల్ బదులు అదే కాలుతుంది, ఇంజన్ దానంతటదే రేస్ అయిపోతుంది, వెనక తెల్లగా నీలంగా పొగ కమ్మేస్తుంది, తాళం తీసేసినా ఆగదు. తాళం ఆపగలిగేది డీజిల్‌నే మరి. మాన్యువల్ గేరు బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పెద్ద గేరు వేసి, క్లచ్ వదిలేయాలి, ఇంజన్ బలవంతంగా ఆగిపోతుంది. క్లచ్ కాలిపోవచ్చు, పర్వాలేదు. అది ఆగకపోతే అందరూ దిగి దూరంగా వెళ్లిపోవాలి, బానెట్ ఎత్తి చూడకూడదు.

డీజిల్ దగ్గరికొస్తే, కామన్ రైల్ ఇంజన్లో, అంటే పంపు ఒత్తిడి పెంచిన డీజిల్ రైల్ అనే ఒకే గొట్టంలోకి చేరి అక్కడి నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే రకంలో, డీజిల్ ఒక్క ఇంధనమే కాదు, హైప్రెషర్ పంపుకూ ఇంజెక్టర్లకూ లోపల జారుడు ఇచ్చేది కూడా అదే. వాటికి వేరే ఆయిల్ ఉండదు. అందుకే నీళ్లు, దుమ్ము, కల్తీ వాటిని అంతగా దెబ్బతీస్తాయి. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు చేరే గిన్నె లాంటి భాగం ఉంటుంది, చాలా బండ్లలో దాన్ని వదులు చేసి నీళ్లు తీసేసే మర ఉంటుంది; వానాకాలంలో ఒకసారి అది తీయించి చూడటం మంచిది. ఫిల్టర్ మార్చడం సాధారణంగా 20,000 కిలోమీటర్లకు, పాత బండికి అంతకన్నా ముందే మార్చినా నష్టం లేదు. ఇందులో నకిలీ సరుకు చాలా ఉంది, రెండు మూడు వందలు తక్కువకు వస్తోందని పేరు తెలియని ఫిల్టర్ వేయించడం ఇంజెక్టర్లతో జూదమే. కొత్త ఇంజెక్టర్ ఒక్కొక్కటి పది వేలు దాటుతుంది, అలాంటివి నాలుగు.

ఊళ్లలో ఇంకో అలవాటు ఉంది. ట్రాక్టరు కోసం డ్రమ్ములో తెచ్చి పెట్టుకున్న డీజిల్‌నే అవసరానికి కారులో కూడా పోసేస్తారు. పాత ట్రాక్టరు పంపు ఆ తుప్పునీ చెమ్మనీ కొంత ఓర్చుకుంటుంది, కామన్ రైల్ ఓర్చుకోదు. అలాగే ట్యాంకును ఎప్పుడూ రిజర్వులో నడపడం మానుకోవాలి: అడుగున చేరిన చెత్త లైన్లోకి వస్తుంది, ఇంజన్ నుంచి వేడిగా తిరిగొచ్చే డీజిల్ చల్లారడానికి ట్యాంకులో తగినంత డీజిల్ ఉండదు, పూర్తిగా అయిపోతే పంపు ఎండిపోయి తిరుగుతుంది. పంపు లోపల ఇనుప రజను రాలడం మొదలైతే అది రైల్ గొట్టం, ఇంజెక్టర్లు, రిటర్న్ లైను, ట్యాంకు అన్నిటికీ చేరుతుంది. ఒక్క పంపు మార్చి ఊరుకుంటే అదే రజను కొత్త పంపునూ తినేస్తుంది. డీజిల్ కార్ల మొత్తం రిపేర్లలో భయంకరమైన బిల్లు ఇదే. బంకులో పొరపాటున పెట్రోల్ పోస్తే కూడా ఇదే ముప్పు, ఎందుకంటే పెట్రోల్‌కు ఆ జారుడు గుణం లేదు. తాళం కూడా తిప్పకుండా బండిని పక్కకు తోయించి ట్యాంకు ఖాళీ చేయిస్తే ఖర్చు వేలల్లో ఆగుతుంది.

ఇంజెక్టర్ కింద ఉండే రాగి వాషర్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ మాట్లాడాలి. ఇంజెక్టర్‌ను హెడ్డులో కూర్చోబెట్టే చోట ఒక చిన్న రాగి రింగు ఉంటుంది, చాలా చౌక. అది సరిగ్గా అణగకపోతే ప్రతి పేలుడుకూ కొద్దిగా మంటగాలి పక్కనుంచి బయటికొస్తుంది. చల్లటి ఇంజన్లో "చిస్ చిస్" అనే చప్పుడు, ఇంజెక్టర్ చుట్టూ తారు ముద్దలా నల్లగా పేరుకున్న గడ్డ దానికి గుర్తులు. వాల్వ్ కవర్ కింద ఇంజెక్టర్లు ఉండే ఇంజన్లలో అయితే ఆ మసి నేరుగా ఆయిల్‌లో పడి, గడ్డకట్టి, అడుగున ఆయిల్ పీల్చే జల్లెడను మూసేస్తుంది. అప్పుడు టర్బో పోతుంది, బేరింగులు పోతాయి, మూలకారణం మాత్రం ఒక రాగి రింగు. ఏ పనికోసమైనా ఇంజెక్టర్ బయటికి తీశారంటే పాత వాషర్ మళ్లీ వాడకూడదు, కూర్చునే చోటు గీకి శుభ్రం చేసి కొత్తది వేయాలి. ఇంజెక్టర్ల మీద అనుమానం వస్తే నాలుగూ మార్చేయమనేవాళ్ల దగ్గర్నుంచి బండి తీసుకొచ్చేయండి. ముందు రిటర్న్ టెస్ట్ చేయించాలి: నాలుగింటికీ చిన్న సీసాలు తగిలించి ఏది ఎంత డీజిల్‌ను వెనక్కి పంపుతుందో కొలుస్తారు, ఎక్కువ పంపేది బయటపడుతుంది. పంపు, నాజిల్ పనులు చేసే డీజిల్ షాపుల్లో బెంచి మీద పెట్టి కూడా పరీక్షిస్తారు. కొత్తది వేస్తే చాలా కంపెనీల ఇంజెక్టర్ల మీద ఉండే కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్లో ఎక్కించాలి, లేకపోతే బండి అదురుతుంది.

కూలెంట్ విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన సమస్య బోరు నీళ్లు. నల్లగొండలోనో అనంతపురంలోనో గీజర్ రాడ్డు మీద తెల్లగా గట్టిగా పేరుకునే పొర చూడనివాళ్లు ఉండరు. రేడియేటర్లో ఆ నీళ్లు పోస్తే అదే పొర సన్నటి గొట్టాల్లోనూ హెడ్డు లోపలి దారుల్లోనూ పేరుకుంటుంది. పాత బండ్లలో ఇది చాలా ఎక్కువ, ఎందుకంటే ఎక్కడో చిన్న లీకు, దానికి ప్రతి వారం నీళ్లు పోస్తూ నెట్టుకొస్తారు. మే నెలలో రెంటచింతలలో, రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజున ఏసీ వేసుకుని నలుగురితో వెళ్తుంటే, లేదా తిరుమల ఘాట్ ఎక్కుతుంటే, అరకొరగా పనిచేసే రేడియేటర్ చేతులెత్తేస్తుంది. బ్లాక్ ఇనుమే అయినా హెడ్డు అల్యూమినియం, వేడి హద్దు దాటితే వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది, కూలెంట్ ఆయిల్‌లో కలిసి పాలు కలిపిన కాఫీ రంగుకు వస్తుంది. కంపెనీ చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి, చెప్పిన గడువుకు మార్పించడం తప్ప దీనికి వేరే మందు లేదు. లెవెల్ తగ్గుతోందంటే పోసుకుంటూ పోకుండా లీకు వెతికించాలి. టెంపరేచర్ సూది పైకి లేచినప్పుడు ఏసీ ఆపి, బండి పక్కకు ఆపాలి. వేడి మీద మూత తీయకూడదు, చల్లటి నీళ్లు అసలే పోయకూడదు.

టైమింగ్ బెల్టు గురించి క్లుప్తంగా. కొన్ని ఇంజన్లలో చైన్ చేసే పనినే ఈ బెల్టు చేస్తుంది. మల్టీజెట్, హ్యుందాయ్ 1.4, 1.6 సీఆర్‌డీఐ, మహీంద్రా 2.2 ఎంహాక్ చైన్ ఇంజన్లు. డస్టర్, టెరానో, సన్నీ, వెరిటోల్లోని రెనో 1.5, పోలో 1.5 టీడీఐ, ఫోర్డ్ 1.5 టీడీసీఐ, 2016 వరకు వచ్చిన ఇన్నోవా 2.5, ఇవి బెల్టువి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి హెడ్డు పోతుంది, ముందస్తు సూచన ఏమీ ఉండదు. మార్చిన బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, టెన్షనర్, ఐడ్లర్, వీలైతే వాటర్ పంపుతో సహా కొన్న నెలలోనే వేయించండి.

నడిపే తీరు ఎందుకు అంత ముఖ్యమో ఈజీఆర్‌ను, పొగ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్‌ను చూస్తే తెలుస్తుంది. ఈజీఆర్ కాలిన పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్లోకి పంపి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గిస్తుంది. ఆ పొగలోని మసి, ఇంజన్ లోపలి ఆవిరిని వదిలే బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి ఇన్‌టేక్ దారుల్లో జిగురుగా పేరుకుంటుంది, లక్ష కిలోమీటర్లు దాటిన సిటీ బండ్లలో ఆ దారి సగానికి పైగా మూసుకుపోయి కనిపించడం అరుదేం కాదు. బండి అదరడం, పికప్ తగ్గడం, నల్ల పొగ దాని ఫలితాలు. విప్పి శుభ్రం చేయిస్తే తీరే సమస్య ఇది. అయితే మూడో గేరులో వెళ్లాల్సిన చోట నాలుగో గేరులోనే ఇంజన్ మూలుగుతూ లాగడం, మైలేజీ కోసమని ఎప్పుడూ 1,500 ఆర్‌పీఎం దాటనివ్వకపోవడం మానకపోతే మళ్లీ పేరుకుంటుంది. 90 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) మల్టీజెట్‌లో ఉండే, అవసరాన్ని బట్టి కోణం మారే వేరియబుల్ టర్బో రెక్కలు కూడా ఇలాగే మసితో బిగుసుకుపోతాయి. స్విఫ్ట్‌లోని 75 పీఎస్ రకంలో ఆ రెక్కలే లేవు, ఆ ఒక్క కారణంతో పాత బండిగా అది తక్కువ టెన్షన్ పెడుతుంది.

బీఎస్6 డీజిల్ కొంటే డీపీఎఫ్ కూడా ఉంటుంది. అది మసిని పట్టుకుని, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడిలో కాల్చేస్తుంది. ఆ వేడి రావాలంటే బండి ఆగకుండా కొంతసేపు నడవాలి. కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి రోజూ ట్రాఫిక్‌లో వెళ్లొచ్చే బండికి ఆ అవకాశమే దొరకదు. ఇంజన్ ఎక్కువ డీజిల్ పంపి వేడి పెంచడం మొదలుపెడుతుంది, మీరేమో మధ్యలో ఆపేస్తారు, ఆ డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ లెవెల్ పెరుగుతోందంటే సంతోషించకూడదు, అది డీజిల్. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇరవై నిమిషాలు, అరగంట ఒకే వేగంలో, ఆర్‌పీఎం 2,000 పైన ఉండేలా వెళ్లొస్తే చాలావరకు సరిపోతుంది. డీపీఎఫ్ లైటు వెలిగితే ఆ రోజే ఈ పని చేయాలి; పట్టించుకోకుండా నడిపితే కాసేపటికి బండి పవర్ తగ్గించుకుంటుంది, ఆ తర్వాత స్కానర్‌తో బలవంతంగా కాల్చడం, ఇంకా ముదిరితే మార్చడం. దీనికి తక్కువ బూడిద వదిలే ఆయిల్ మాత్రమే వాడాలి, పాత బీఎస్4 బండికి పోసే ఆయిల్ ఏదో ఒకటి పోయకూడదు. డీపీఎఫ్ లోపలి భాగం తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తామనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. అది చట్టవిరుద్ధం, పైగా ఆ పొగ పీల్చేది వెనక బైకు మీద వచ్చే పిల్లలూ పెద్దలూ. రోజుకు పది కిలోమీటర్ల సిటీ వాడకమే అయితే బీఎస్6 డీజిల్ కొనకుండా పెట్రోల్ బండి చూసుకోవడమే సరైన నిర్ణయం.

ఎయిర్ ఫిల్టర్ మీద ఎక్కువ చెప్పేదేం లేదు. గాలి కొట్టి మళ్లీ మళ్లీ పెట్టకుండా మార్చండి, మూత క్లిప్పులు సరిగ్గా పడ్డాయో లేదో మీరే చూసుకోండి, పక్క సందులోంచి వెళ్లిన దుమ్ము నేరుగా బోరును అరగదీస్తుంది.

చివరగా, పికప్ పోయి "టర్బో పోయింది, నలభై వేలు" అన్న మాట విన్నప్పుడు ఏ వరసలో చూడాలన్నది. టర్బో నుంచి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టాలు పదేళ్లకు పగుళ్లిస్తాయి. ఇంజన్ ఆగినప్పుడు మూసుకుని, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) వచ్చినప్పుడు మాత్రమే తెరుచుకునే పగులు చూడగానే కనిపించదు, దాని చుట్టూ ఆయిల్ చెమ్మ ఉంటే అనుమానించాలి. ముందు ఆ గొట్టాలు, క్లిప్పులు. తర్వాత టర్బో యాక్చుయేటర్‌కు (టర్బో ఒత్తిడిని అదుపుచేసే భాగానికి) వెళ్లే సన్నటి వాక్యూమ్ పైపులు, డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్. ఆ తర్వాత స్కానర్ పెట్టి బూస్ట్ ప్రెషర్ సెన్సర్, గాలి కొలిచే సెన్సర్, రైల్ ప్రెషర్, ఇంజెక్టర్ కరెక్షన్లు. ఇవన్నీ బాగున్నాకే గొట్టం విప్పి టర్బో షాఫ్టును చేత్తో పట్టి ఊపి చూడాలి. అడ్డంగా కొద్దిగా కదలడం సహజం, అది ఆయిల్ పొర కోసం వదిలిన సందు. ముందుకు వెనక్కి కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా అప్పుడు టర్బో పోయినట్టు.